పేరు లేని చందా: ఎన్నికల డబ్బుకీ మన కొండలకీ సంబంధం ఏంటి?

పోస్టు పెద్దదే, ఓపిక పట్టి చివరిదాకా చదవండి.

ఏజెన్సీలో పుట్టినవాళ్లకి బినామీ అంటే ఏంటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పట్టా మనవాళ్ల పేరు మీద ఉంటది, పంట మాత్రం ఇంకొకరి ఇంటికి పోద్ది. కాయితం ఒకటి చెప్తది, పొలం ఇంకోటి చెప్తది. ఈ మోసం మీదే మన పెద్దలు ఏళ్ల తరబడి కొట్లాడారు. శ్రీకాకుళం కొండల్లో గిరిజన రైతుల పోరాటం నడుస్తున్న రోజుల్లోనే, 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలకి 1970లో సవరణ వచ్చింది. మనం 1/70 అని పిలుచుకునేది దాన్నే. అందులో ఒక గట్టి మాట ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి దగ్గర్నుంచే వచ్చిందని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది భూమి చేతిలో ఉన్నవాడే. "ఇది నీకు ఎక్కడ్నుంచి వచ్చింది?" అని అడిగే హక్కు మనది, జవాబు చెప్పే బాధ్యత వాడిది.

ఈ పోస్టు భూమి గురించి కాదు. ఎన్నికల్లో పార్టీలకి డబ్బు ఇచ్చేవాళ్ల పేర్లు జనానికి చెప్పాలా వద్దా అనే విషయం మీద మన దేశంలో చట్టాలు ఎలా మారుతూ వచ్చాయో చెప్పాలని రాస్తున్నాం. 1/70 అడిగిన ప్రశ్నే ఇక్కడ కూడా అసలు ప్రశ్న. అందుకే ముందు దాన్ని గుర్తు చేశాం.

టాటా కంపెనీ కోర్టుకి వెళ్లింది

1951లో ప్రజాప్రాతినిధ్య చట్టం వచ్చింది. ఎన్నికల్లో నిలబడ్డవాడు తన ఖర్చుకి లెక్క చూపాలంది. కానీ పార్టీకి డబ్బు ఎవరిచ్చారు అని అడిగే ఏర్పాటు అందులో లేదు.

1957లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ బొంబాయి హైకోర్టుకి వెళ్లింది. రాజకీయ పార్టీలకి చందా ఇవ్వడానికి వీలుగా తన కంపెనీ నియమావళిని మార్చుకుంటానని అడిగింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా. చట్టంలో అడ్డు లేదు కాబట్టి ఆయన ఒప్పుకోవాల్సి వచ్చింది. కానీ ఒప్పుకుంటూనే హెచ్చరించారు. ఈ అలవాటు పెరిగితే ప్రజాస్వామ్యం గొంతే నులిమేసే ప్రమాదం ఉందని, పార్లమెంటు దీని గురించి ఆలోచించాలని తీర్పులో రాశారు. ఆ కంపెనీ ఉక్కు ఫ్యాక్టరీ ఉన్నది జంషెడ్‌పూర్‌లో. హో, సంతాల్, భూమిజ్ ఆదివాసీల సింగ్‌భూమ్ నేల అది. కంపెనీ డబ్బు పార్టీకి ఇవ్వొచ్చా అన్న ప్రశ్న తొలినాళ్లలోనే ఆదివాసీ నేల మీద నిలబడ్డ కంపెనీ దగ్గర మొదలైందన్న సంగతి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు.

1960లో పార్లమెంటు కంపెనీల చట్టంలో ఒక సెక్షన్ చేర్చింది. చందాకి ఒక హద్దు పెట్టింది: 25 వేల రూపాయలు, లేదా మూడేళ్ల సగటు లాభంలో 5 శాతం, ఏది ఎక్కువైతే అది. ఇంకో ముఖ్యమైన మాట కూడా పెట్టింది. ఎంత ఇచ్చారో, ఏ పార్టీకి ఇచ్చారో కంపెనీ తన లాభనష్టాల లెక్కలో రాయాలి. పేరు బయటపెట్టాలన్న నియమానికి మన దేశంలో పునాది అదే.

తలుపు మూస్తే కిటికీ

1969లో ఇందిరాగాంధీ ప్రభుత్వం కంపెనీల చందాలని పూర్తిగా నిషేధించింది. అవినీతి మీద వేసిన సంతానం కమిటీ కూడా అంతకుముందే ఈ నిషేధం కావాలని చెప్పింది. స్వతంత్ర పార్టీలాంటి ప్రతిపక్షాలకి పెద్ద కంపెనీల డబ్బు అందకుండా చేయడానికే ఈ పని చేశారని రాసినవాళ్లూ ఉన్నారు. ఏ కారణమైనా, డబ్బు మాత్రం ఆగలేదు. తలుపు మూస్తే కిటికీలోంచి వచ్చింది. చెక్కు పోయి సూట్‌కేసు వచ్చింది. పార్టీ సావనీరు పుస్తకంలో ప్రకటన పేరుతో డబ్బు ఇవ్వడం మామూలైంది. నిషేధం వల్ల చందా పోలేదు. చందాకున్న పేరు పోయింది.

1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు ఇంకో బినామీని పట్టుకుంది. అభ్యర్థి కోసం అతని పార్టీ, స్నేహితులు పెట్టే ఖర్చు అతనికి తెలిసే జరిగితే, అది కూడా అభ్యర్థి లెక్కలోకే రావాలంది. అదే నెలలో ఆర్డినెన్స్ తెచ్చి ఆ తీర్పుని పక్కన పెట్టేశారు. పార్టీ పెట్టే ఖర్చు అభ్యర్థి లెక్కలోకి రాదన్నారు. ఇప్పటికీ అభ్యర్థి ఖర్చుకి హద్దు ఉంది కానీ పార్టీ ఖర్చుకి హద్దు లేదు.

1985లో కంపెనీ చందాలకి మళ్లీ తలుపు తీశారు. మూడేళ్ల సగటు లాభంలో 5 శాతం దాకా, బోర్డు తీర్మానంతో, లెక్కల్లో పేరుతో ఇవ్వొచ్చు. పార్టీల వైపు చూస్తే, 1979 నుంచే ఆదాయపు పన్ను చట్టంలో వాళ్లకి మినహాయింపు ఉంది. లెక్కలు రాయాలి, ఆడిట్ చేయించాలి, పెద్ద చందాలు ఇచ్చినవాళ్ల పేర్లు రాసిపెట్టాలి, అప్పుడే పన్ను ఉండదు. కానీ 1996లో కామన్ కాజ్ కేసు సుప్రీంకోర్టుకి వచ్చినప్పుడు ఏం తేలింది? చాలా పార్టీలు ఏళ్ల తరబడి రిటర్నులే వేయలేదు. మన ఊళ్లో రేషన్ కార్డుకి ఆధార్ లింకు కాకపోతే ఆ నెల బియ్యం ఆగిపోతాయి. అక్కడ ఏళ్లు గడిచినా ఏదీ ఆగలేదు.

20 వేల గీత

2003లో ప్రజాప్రాతినిధ్య చట్టంలో 29సి అనే సెక్షన్ వచ్చింది. 20 వేల రూపాయలు దాటి ఇచ్చిన ప్రతి ఒక్కరి పేరు పార్టీ ఏటా ఎన్నికల సంఘానికి ఇవ్వాలి. ఇవ్వకపోతే పన్ను మినహాయింపు పోతుంది. వినడానికి బాగుంది. కానీ 19,999 ఇస్తే పేరు చెప్పక్కర్లేదు. ఒకే మనిషి ఎన్ని 19,999లు ఇచ్చాడో అడిగేవాడు లేడు. గీత గీసి, పక్కనుంచి పోవడానికి దారి కూడా వదిలేశారు.

2013లో కేంద్ర సమాచార కమిషన్ ఆరు జాతీయ పార్టీలు సమాచార హక్కు చట్టం కిందకి వస్తాయని చెప్పింది. పార్టీలు ఆ ఆదేశాన్ని పాటించలేదు. వేరే విషయాల్లో ఒకరి ముఖం ఒకరు చూసుకోని పార్టీలు ఈ ఒక్క విషయంలో ఒకే మాట మీద నిలబడ్డాయి.

నియమగిరి కథలో మనకి చెప్పని సగం

నియమగిరి గురించి ఈ గ్రూపులో చాలాసార్లు మాట్లాడుకున్నాం. మన పార్వతీపురం మన్యం జిల్లాకి సరిహద్దు అవతల, ఒడిశాలోని రాయగడ, కలహండి జిల్లాల్లో ఉంది ఆ కొండ. అక్కడి బాక్సైట్ కావాలని వేదాంత గ్రూపు అడిగింది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఆ నిర్ణయం గ్రామసభలు చేయాలంది. 12 ఊళ్లలో సభలు జరిగాయి. జిల్లా జడ్జి ఎదురుగా కూర్చుని చూస్తుండగా డోంగ్రియా కోందులు, మిగతా ఊరివాళ్లు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. 12కి 12 సభలూ వద్దన్నాయి.

ఇదంతా మనకి తెలిసిన సగం. రెండో సగం ఢిల్లీలో జరిగింది. వేదాంత అనుబంధ కంపెనీలు కాంగ్రెస్‌కీ బీజేపీకీ చందాలు ఇచ్చాయని, తల్లి కంపెనీ ఇంగ్లాండులో రిజిస్టర్ అయింది కాబట్టి అది విదేశీ డబ్బు అవుతుందని ఏడీఆర్ అనే సంస్థ, మాజీ ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ ఢిల్లీ హైకోర్టులో కేసు వేశారు. శర్మ గారు మన విశాఖ ఏజెన్సీ బాక్సైట్ గురించి కూడా ప్రభుత్వాలకి ఎన్నో ఉత్తరాలు రాసిన మనిషి. 2014 మార్చి 28న హైకోర్టు తీర్పు చెప్పింది. రెండు పార్టీలూ విదేశీ విరాళాల చట్టాన్ని ఉల్లంఘించాయని, ఆరు నెలల్లో చర్య తీసుకోవాలని ఆదేశించింది.

తర్వాత ఏమైంది? చర్య రాలేదు, చట్టమే మారింది. 2016 ఆర్థిక బిల్లులో "విదేశీ సంస్థ" అనే మాటకి అర్థం మార్చి, ఆ మార్పు 2010 నుంచే అమల్లో ఉన్నట్టు రాశారు. కానీ ఆ చందాలు 2010కి ముందువి, పాత 1976 చట్టం కిందకి వచ్చేవి. అందుకని 2018లో మళ్లీ ఆర్థిక బిల్లులో మార్చి, ఆ తేదీని 1976 ఆగస్టు 5 దాకా వెనక్కి జరిపారు. అంటే 42 ఏళ్లు వెనక్కి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పోడు పట్టా కోసం మన ఇళ్లలో పెద్దవాళ్లు తిరిగే తిరుగుడు మనకి తెలుసు. 2005 డిసెంబర్ 13కి ముందు నుంచే ఆ భూమి మన చేతిలో ఉందని అటవీ హక్కుల చట్టం కింద రుజువు చూపాలి. ఆ తేదీని మన కోసం ఒక్క రోజు కూడా ఎవరూ జరపలేదు. పార్టీల కోసం మాత్రం తేదీ 42 ఏళ్లు నడిచి వెనక్కి పోయింది.

చట్టమే ఇచ్చిన బినామీ

2017 ఫిబ్రవరి 1న ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ బడ్జెట్‌లో ఎన్నికల బాండ్లు ప్రకటించారు. నగదు చందా హద్దుని 20 వేల నుంచి 2 వేలకి తగ్గించారు, అది మంచిదే. దాంతోపాటే ఇంకో మూడు పనులు చేశారు. లాభంలో ఇంత శాతమే ఇవ్వాలన్న హద్దు (అప్పటికి అది 7.5 శాతం) తీసేశారు. ఏ పార్టీకి ఇచ్చారో కంపెనీ లెక్కలో రాయక్కర్లేదన్నారు. బాండు ద్వారా వచ్చిన డబ్బుకి ఇచ్చినవాడి పేరు పార్టీ ఎన్నికల సంఘానికి చెప్పక్కర్లేదన్నారు. 1960లో వేసిన పునాదిని 57 ఏళ్ల తర్వాత తవ్వి తీసేశారు. ద్రవ్య బిల్లుగా తేవడంతో రాజ్యసభకి దాన్ని ఆపే వీలు కూడా లేకపోయింది. రిజర్వ్ బ్యాంకు వద్దంది, ఎన్నికల సంఘం అభ్యంతరం రాసింది. అయినా 2018 జనవరి 2న పథకం వచ్చేసింది.

పని ఎలా జరిగేదంటే, స్టేట్ బ్యాంకు ఎంపిక చేసిన శాఖల్లో వెయ్యి, పది వేలు, లక్ష, పది లక్షలు, కోటి రూపాయల బాండ్లు అమ్ముతారు. కొన్నవాడి వివరాలు బ్యాంకు తీసుకుంటుంది, కానీ బాండు మీద పేరు ఉండదు. పార్టీ 15 రోజుల్లో దాన్ని డబ్బు చేసుకోవాలి. మామూలు కంటికి కనపడని, అల్ట్రావయొలెట్ వెలుతురులో మాత్రమే కనపడే నంబరు ఒకటి ప్రతి బాండు మీద ఉండేది. అంటే బ్యాంకుకి తెలుస్తుంది. బ్యాంకు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు తెలుసుకునే వీలుంది. తెలియనిది ఓటు వేసేవాడికి మాత్రమే.

చిన్న మనిషి భయం లేకుండా చందా ఇవ్వడానికే ఈ రహస్యం అన్నారు. కానీ అమ్ముడైన బాండ్ల విలువలో 90 శాతానికి పైగా కోటి రూపాయల బాండ్లే. కోటి రూపాయల కాయితం కొనే చిన్న మనిషిని మన మండలంలో ఎవరైనా చూశారా?

2024 ఫిబ్రవరి 15

ఏడీఆర్, కామన్ కాజ్, సీపీఎం తదితరులు వేసిన కేసు ఏళ్ల తరబడి నడిచింది. 2024 ఫిబ్రవరి 15న ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్‌తో కలిపి ఐదుగురు జడ్జిలు ఏకాభిప్రాయంతో బాండ్ల పథకాన్ని కొట్టేశారు. ఓటరుకి సమాచారం తెలుసుకునే హక్కు ఉందని, అది రాజ్యాంగం 19(1)(ఎ) ఇచ్చిన హక్కని చెప్పారు. హద్దు తీసేసిన సవరణలూ, పేరు దాచిన సవరణలూ చెల్లవన్నారు.

స్టేట్ బ్యాంకు వివరాలు ఇవ్వడానికి జూన్ 30 దాకా గడువు అడిగింది. అప్పటికి లోక్‌సభ ఎన్నికలు అయిపోతాయి. కోర్టు మార్చి 11న కుదరదంది. మార్చి 14న ఎన్నికల సంఘం జాబితాలు బయటపెట్టింది. ఏ బాండు ఎవరిదో, ఏ పార్టీకి పోయిందో కలిపి చూసుకోవడానికి కావాల్సిన నంబర్లు మార్చి 21న వచ్చాయి. 2018 నుంచి మొత్తం 16,518 కోట్ల రూపాయల బాండ్లు అమ్మారు. 2019 ఏప్రిల్ 12 తర్వాతి వివరాలు మాత్రమే బయటికి వచ్చాయి. అంతకుముందు ఇచ్చినవాళ్లు ఇప్పటికీ చీకట్లోనే ఉన్నారు.

ఆ జాబితాలో పేర్లు చూస్తే మన కొండల చుట్టూ తిరిగే పేర్లే కనపడతాయి. వేదాంత సుమారు 400 కోట్ల బాండ్లు కొంది. హైదరాబాద్‌కి చెందిన మేఘా ఇంజనీరింగ్ 966 కోట్లతో దేశంలో రెండో స్థానంలో ఉంది. 2019 నవంబర్ నుంచి పోలవరం పనులు చేస్తున్నది ఈ కంపెనీయే. పోలవరం ముంపులో ఊళ్లు ఖాళీ చేస్తున్నది ఎక్కువగా కోయ, కొండరెడ్డి కుటుంబాలు. తీసుకున్న వైపు చూస్తే బీజేపీకి ఎక్కువ, సుమారు 6,060 కోట్లు. మన రెండు రాష్ట్రాల పార్టీలూ వెనకబడలేదు. బీఆర్ఎస్, వైఎస్సార్సీపీ, తెలుగుదేశం మూడూ తీసుకున్నాయి. సీపీఎం, సీపీఐ బాండ్లు తీసుకోలేదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. చందా ఇచ్చినంత మాత్రాన తప్పు చేసినట్టు కాదు. ఫలానా బాండు వల్లే ఫలానా పని దక్కిందని మేము అనట్లేదు, అలా అనడానికి రుజువు కావాలి. మేము అనేది ఇంతే: మన ఊరు ముంచే పని చేసే కంపెనీ ఎవరికి ఎంత ఇస్తోందో, ఓటు వేసే ముందు మనకి తెలియాలి. అయిదారేళ్లు తెలియకుండా చేసింది చట్టమే.

ఓటు రహస్యం, చందా రహస్యం ఒకటేనా?

ప్రభుత్వం కోర్టులో గట్టిగా వాదించిన మాట ఇది. ఎవరికి ఓటేశారో రహస్యం అయినట్టే, ఎవరికి చందా ఇచ్చారో కూడా రహస్యం ఉండాలని. కాలేజీలో కూడా ఈ వాదన వింటుంటాం, తీసిపారేయాల్సింది కాదు. చిన్న చందా ఇచ్చేవాడికి భయం ఉండొచ్చని కోర్టు కూడా ఒప్పుకుంది.

కానీ ఓటుకి రహస్యం ఎందుకు పెట్టారు? షావుకారుకి బాకీ ఉన్నవాడు షావుకారుకి నచ్చనివాడికి కూడా ఓటేసుకునే వీలు ఉండాలని. బలం లేనివాడికి బలమున్నవాడి నుంచి కాపుదల అది. కోటి రూపాయల చందాకి రహస్యం పెడితే కాపుదల దొరికేది షావుకారుకే. పైగా కంపెనీకి ఓటు లేదు. ఓటు లేనివాడికి ఓటు రహస్యం ఎక్కడ్నుంచి వస్తుంది? కంపెనీ ఇచ్చే చందాని వ్యాపార లావాదేవీగానే చూడాలని కోర్టు కూడా చెప్పింది.

ఈ ఆలోచన మనకి కొత్త కాదు. 1997లో సమతా కేసులో, అనంతగిరి మండలం బొర్రా గుట్టల గనుల విషయంలో, ప్రైవేటు కంపెనీ కూడా గిరిజనేతర వ్యక్తే, షెడ్యూల్డ్ ప్రాంతంలో దానికి గనుల లీజు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. కంపెనీ మనిషి వేషం వేసుకుని వచ్చినప్పుడు ఎవరు నువ్వు అని మన ప్రాంతమే ముందు అడిగింది.

ఇంకా మిగిలిన సందులు

బాండ్లు పోయాయి కానీ కథ అయిపోలేదు. 20 వేల లోపు ఇచ్చినవాడి పేరు ఇప్పటికీ బయటికి రాదు. పార్టీ ఖర్చుకి హద్దు లేదు. ఎన్నికల ట్రస్టుల్లో చాలా కంపెనీల డబ్బు ఒక కుండలో పడి పార్టీలకి పోతుంది. ట్రస్టుకి ఎవరిచ్చారో, ట్రస్టు ఎవరికిచ్చిందో తెలుస్తుంది, ఎవరి రూపాయి ఏ పార్టీకి పోయిందో చెప్పడం కష్టం. పేర్లు కూడా ఏడాది లెక్కలతో వస్తాయి, ఓటేసే రోజుకి రావు.

మనకి ఎస్టీ రిజర్వుడు సీట్లు ఉన్నాయి. ఆంధ్రాలో అసెంబ్లీకి 7, తెలంగాణలో 12. లోక్‌సభకి అరకు, ఆదిలాబాద్, మహబూబాబాద్. అసెంబ్లీకి మనవాళ్ల డిపాజిట్ 5 వేలే. కానీ ప్రచారానికి 40 లక్షల దాకా ఖర్చు పెట్టుకోవచ్చని చట్టమే అంటోంది. ఆ డబ్బు మన సంతలో చింతపండు, అడ్డాకులు అమ్మితే రాదు. పార్టీ ఇవ్వాలి. పార్టీకి ఎవరో ఇవ్వాలి. సీటు మన పేరు మీద, డబ్బు వేరేవాడిది అయితే పంట ఎవరి ఇంటికి పోతుందో మనకి తెలుసు.

అందుకే గ్రూపులో ఉన్న అన్నలకి, అక్కలకి, తమ్ముళ్లకి, చెల్లెళ్లకి మా మాట ఒకటే. మన ఇళ్లలో ఈ కాయితాలు చదవగలిగిన మొదటి తరం మనమే. కాబట్టి చదువుదాం. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో పార్టీల చందాల నివేదికలు, బాండ్ల జాబితాలు ఉన్నాయి. అభ్యర్థుల ఆస్తుల అఫిడవిట్లు ఉన్నాయి. ఫలితాలు వచ్చిన 30 రోజుల్లో ప్రతి అభ్యర్థీ తన ఖర్చు లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. దాన్ని ఎవరైనా వెళ్లి చూడొచ్చు. ఒక్కో మండలం నుంచి ఇద్దరు చొప్పున ఈ పని పెట్టుకుందాం. మన నియోజకవర్గం లెక్క చూసి, అర్థమైన భాషలో ఇక్కడ పోస్టు పెడదాం, గ్రామసభలో చదివి వినిపిద్దాం.

ఆ లెక్క చూడటానికి చట్టం పెట్టిన రుసుము ఒక్క రూపాయి.